మోటార్ల జయరాజు పాటల పిచ్చి

మా చర్చి సంఘంలో జయరాజులు ముగ్గురు. గొర్రెల జయరాజు, పొట్టి జయరాజు, మోటార్ల జయరాజు. మొదటి ఇద్దరి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఇద్దరూ నాకు తమ్ముళ్ల వరస, కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. నేను చెప్పబోయేది మోటార్ల జయరాజు సంగతి.

ముదిగుబ్బ నుంచి మా ఊరికి వచ్చే దారిలో ఆయన రేకుల షెడ్డు ఉంది. చెడిపోయిన బోరు మోటార్లు విప్పి, రాగితీగ చుట్టి, మళ్లీ తిరిగేలా చేస్తాడు. మా దిక్కు వాన పడకపోతే అందరికీ పని పోతుంది, ఆయనకు మాత్రం పెరుగుతుంది. నీళ్లు లేని బోరులో మోటారు ఊరికే తిరిగి కాలిపోతుంది కదా. తిరుగుతున్న మోటారుకు స్క్రూడ్రైవరు కొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటాడు. "బేరింగు పోయినాదప్పా" అంటాడు. విప్పి చూస్తే బేరింగే పోయి ఉంటుంది. యాభై రెండేళ్ల మనిషి, మాట తక్కువ. అంత మంచి చెవి ఉన్నవాడు ఇరవై ఏళ్లుగా నా కీబోర్డును ఎలా భరించాడో నాకిప్పటికీ అర్థం కాదు.

నా పేరు కృపాకుమారి. అంగన్‌వాడీ టీచరుని. ఆదివారం మందిరంలో కీబోర్డు వాయిస్తాను. ఆ కీబోర్డులో ఒక బటన్ నొక్కితే తాళం దానంతట అదే వస్తుంది. పెళ్లికీ అదే తాళం, క్రిస్మస్‌కీ అదే, సమాధి కూడికకు కొంచెం నెమ్మదిగా అదే. ఇదేమిటని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే నేను ఊరుకునేదాన్నీ కాదు.

మొన్న వేసవిలో గుమ్మఘట్ట వైపు నుంచి ఒక రైతు మోటారు తెచ్చాడు. బాగయ్యేదాకా షెడ్డు నీడలో కూర్చుని ఫోనులో పాటలు పెట్టుకున్నాడు. తీగ చుడుతున్న జయరాజు చేతులు ఆగిపోయాయట. "అన్నా, అది మళ్లీ పెట్టు" అన్నాడట. మళ్లీ పెట్టించాడు. మూడోసారీ పెట్టించాడు. సాయంత్రానికి మోటారు సగమే అయింది గానీ, ఏడు పాటలూ జయరాజు ఫోనులోకి వచ్చేశాయి.

ఆ ఆల్బం పేరు 'బీడు నేల కీర్తనలు'. ఆ కర్ణాటక సరిహద్దు ఊళ్లలో ఒక బడిపంతులూ ఆయన స్నేహితులూ కలిసి ఇంట్లోనే రికార్డు చేసుకున్నారట. అచ్చ తెలుగు కాదు, అచ్చ కన్నడం కాదు, గుమ్మఘట్ట సంతలో బేరమాడే భాష. మర్నాడు పొద్దున్నే జయరాజు అంగన్‌వాడీకి వచ్చేశాడు. నేను పిల్లలకు గుడ్లు పంచుతున్నాను.

"కృపమ్మా, ఇది ఏం సప్పుడో చెప్పు" అని ఫోను నా చెవి దగ్గర పెట్టాడు.

చిటపటమని ఏదో చప్పుడు. "పోపు పెడ్తాండారు" అన్నాను, విసుగ్గానే.

"పోపు గాదు. పలక కాస్తాండారు!"

డప్పును మా దిక్కు పలక అంటారు. కొట్టే ముందు మంట దగ్గర వెచ్చజేయాలి, చర్మం బిగిస్తేనే అది ఖంగున మోగుతుంది. ఆ ఆల్బంలో మొదటి పాట ఆ మంటతోనే మొదలవుతుంది. తర్వాత పలక అందుకుంటుంది. ఆ పలక మీద దావీదు రాజు నాట్యం. నా చేతిలో గుడ్డు చేతిలోనే ఉండిపోయింది. పిల్లలు అప్పటికే గెంతుతున్నారు.

కాపరి కీర్తనకు మా గొర్రెలవాళ్లు మందను పిలిచే కేకలే వాడారు. శనక్కాయలు చెరిగే చేట చప్పుడుతో ఇంకొక పాట. సిలువ పాటకైతే సావు దెబ్బ వేశారు, ఊళ్లో శవం లేచినప్పుడు వేసే దెబ్బ. అది విని నాకు ఒళ్లు జలదరించింది. జయరాజు మాత్రం, "ఏసయ్య సచ్చిపోయిన దినాన మన పలక గాక ఇంగేం మోగల్ల?" అన్నాడు.

ఆయనకు అన్నిటికంటే ఇష్టమైనది బండ పాట. మోషే బండను కొడితే నీళ్లు వచ్చిన కథ. దాన్ని వీళ్లు బోరు వేయడంగా పాడారు. పలక నెమ్మదిగా, మొద్దుగా, దుమ్ము లేస్తున్నట్టు మోగుతుంటుంది. ఒక గొంతు "పడిందా?" అంటుంది. పదిమంది "లేదప్పా" అంటారు. మళ్లీ "పడిందా?" "లేదప్పా." అలా ఆరుసార్లు. ఏడోసారి ఎవరూ జవాబు చెప్పరు, పలకే చెబుతుంది. మా ఊళ్లో బోరు వేయించి ఆ ప్రశ్న అడగని ఇల్లు లేదు. ఆ చోటికొచ్చేసరికి నేను ప్రతిసారీ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఇక జయరాజును పట్టడం ఎవరి తరమూ కాలేదు. మోటారు తెచ్చిన ప్రతివాడికీ ముందు పాట, తర్వాతే పని. రాగితీగ కోసం ముదిగుబ్బలో శేషయ్య అంగడికి పోతే, తీగ తూచేలోపు రెండు పాటలు వినిపించాడట. శేషయ్య కోమటాయన, హాస్యం ఎక్కువ.

"ఏమప్పా, ఇది మీ దేవుని పాటనా, మా మారెమ్మ జాతరనా?" అన్నాడట.

"మన సప్పుడు శేషయ్యన్నా."

"అట్లనా. ఆ బోరు పాట మాత్రం నా ఫోనుకు పంపు. నా చేన్లో నాలుగు బోర్లు ఎండినాయి, పాటలోనన్నా నీళ్లు పడనీ."

కొత్తొక వింత, నాలుగు రోజుల్లో చల్లారుతుందిలే అనుకున్నాను. చల్లారలేదు. ఆగస్టులో ఒకరోజు నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. నవంబరులో మా మందిరంలో కోత పండుగ జరుగుతుంది. ఆ యేటి పంటలో మొదటి గంపను అందరూ తెచ్చి దేవుని ముందు పెడతారు, తర్వాత వాటిని వేలం వేసి ఆ డబ్బు మందిరానికి జమ చేస్తారు. ఆ రోజు బండ పాట పాడాలనీ, దానికి తాను పలక కొట్టాలనీ ఆయన కోరిక. ఒక్కసారి, ఒకే ఒక్క పాటకు.

"మీ నాయన?" అన్నాను.

తల వంచుకున్నాడు. చిక్కంతా అక్కడే ఉంది.

జయరాజు నాయన కదిరప్ప. ఎనభై రెండేళ్లు, సంఘానికి పెద్ద. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి. ఒకప్పుడు చుట్టుపక్కల పది ఊళ్లలో ఆయనంత బాగా పలక కొట్టేవాడు లేడంటారు. ఎనభై నాలుగులో మా వాడలో పదకొండు కుటుంబాలు బాప్తీస్మం తీసుకున్నాయి. ఆ రోజే పదకొండు పలకలనూ ఊరవతల ఎండిపోయిన బావిలో పడేయించాడు కదిరప్ప. ఇక మన వాడలో పలక మోగకూడదు, మందిరం ఆవరణలో అసలే మోగకూడదని అందరిచేతా ఒట్టు వేయించాడు. అప్పుడు జయరాజుకు పన్నెండేళ్లు. తన చిన్న పలక కూడా బావిలో పడిన చప్పుడు విన్నాడు.

పాస్టరయ్య పాట విని, "నాకు అభ్యంతరం లేదు, బైబిల్లో తంబుర అంటే చేతి డప్పే కదా. కానీ పెద్దాయన ఒప్పుకోవాల" అన్నాడు. ఒప్పించే ధైర్యం మా ఇద్దరికీ లేదు. అడుగుదాం, అడుగుదాం అంటూనే రెండు నెలలు గడిపాం. ఈలోగా జయరాజు గుమ్మఘట్టకు పోయి తిప్పయ్య అనే ఆయన దగ్గర పలక కట్టించుకుని, గోనెసంచిలో చుట్టి తెచ్చి, మందిరం వెనక సామాన్ల గదిలో దాచాడు. ముందు ఒకసారి సాధన చేద్దాం, బాగా వస్తే ఆ ఊపులో పోయి అడుగుదాం అని నేనే అన్నాను. నా తెలివి అట్లా ఏడ్చింది.

పండుగ ఇంకా ఎనిమిది రోజులుందనగా, శనివారం పొద్దున పది గంటలప్పుడు మందిరం వెనక ఎండిన శనక్కాయ కట్టెతో మంట వేశాం. జయరాజు పలక కాచాడు. గోటితో మీటి చూసి, చెవి దగ్గర పెట్టుకుని, తలూపాడు. భుజానికి తగిలించుకుని రెండు పుల్లలూ చేతుల్లోకి తీసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

నలభై ఏళ్ల తర్వాత పలక పట్టుకున్న చేతులవి. చిన్నప్పుడు చివరగా, ఎక్కువగా కొట్టింది ఏదో ఆ చేతులకే గుర్తుంది. బండ పాట కొడదామనుకున్నవాడు సావు దెబ్బ ఎత్తుకున్నాడు. నేనైనా ఆపాల్సింది. అంత బాగా మోగుతుంటే ఆపడానికి నాకు నోరు రాలేదు, అయిదు నిమిషాలు అట్లాగే విన్నాను.

ఊరంతా కూడా విన్నది. క్రైస్తవుల వాడలో, మందిరం దిక్కున, సావు దెబ్బ. అక్కడ పోవాల్సినంత వయసున్నది ఎవరు? కదిరప్ప. ఒట్టు సంగతి అందరికీ తెలుసు, కానీ నాయన పోయేసరికి కొడుకు మనసు ఆగక కొట్టించుంటాడని తమకు తామే సర్దిచెప్పుకున్నారు. చేలల్లో శనక్కాయలు పీకుతున్న ఆడవాళ్లు కొంగులు బిగించి పరుగెత్తారు. అందరికంటే ముందు మా సంఘంలోని తిప్పమ్మ.

"అయ్యో కదిరప్పన్నా, ఒక్క మాటన్నా చెప్పకుండా పోతివా!" అని గుండెలు బాదుకుంటూ ఇంట్లోకి దూరింది.

కదిరప్ప గోడకానుకుని రాగిసంగటి తింటున్నాడు. ముద్ద చేతిలోనే ఉంది. "యాడికి పోయినాను? ఈడే సంగటి తింటాండా" అన్నాడు.

మేం పరుగున చేరేసరికి వాకిట్లో వందమంది ఉన్నారు. సగంమంది ఏడుస్తున్నారు, సగంమంది నవ్వుతున్నారు. తిప్పమ్మ రెండూ చేస్తోంది. ఎవరో ఫోను చేసినట్టున్నారు, కాసేపటికి శేషయ్య ముదిగుబ్బ నుంచి స్కూటరు మీద పూలదండ తెచ్చాడు. దండ ఎక్కడ దాచాలో తెలియక నిలబడిపోయాడు.

"తెచ్చింది తెచ్చినావు, ఆడ పెట్టిపో శేషయ్యా. ఎప్పటికైనా పనికొస్తాది" అన్నాడు కదిరప్ప. అందరూ పగలబడి నవ్వారు.

నవ్వు ఆగాక, "పలక ఎవరు కొట్టినారు?" అని అడిగాడు.

మేమిద్దరం తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డాం. జయరాజు హడావుడిలో పలక భుజం మీదనే వేసుకొచ్చాడు, దాచడానికి ఏమీ లేదు. కదిరప్ప కొడుకు మొహం చూడలేదు, పలకనే చూశాడు. చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టి, చేయి కడుక్కుని, లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

ఆ తర్వాత కొడుకుతో ఒక్క మాట లేదు. అన్నానికి కూర్చున్నా ఎడమొహం పెడమొహమే. జయరాజు పలకను మళ్లీ సామాన్ల గదిలో పెట్టేసి తాళం నా చేతికిచ్చాడు.

"వద్దులే కృపమ్మా. నాయన కంటే పాట పెద్దదేం గాదు" అన్నాడు. షెడ్డులో ఆ వారమంతా పాటలు మోగలేదు. తీగ చుడుతూ కూర్చున్న ఆ మనిషిని చూస్తే నాకు దుఃఖమూ వచ్చింది, కోపమూ వచ్చింది. కోపం వస్తే నేను ఇంట్లో ఉండలేను. శుక్రవారం సాయంత్రం నేరుగా కదిరప్ప దగ్గరికి పోయాను.

"పెదనాయనా, జయరాజన్న ఏం నేరం చేసినాడు? దేవుని పాటకు కొడ్తా అన్నాడు, అంతే గదా" అన్నాను. నాకు మెత్తగా మాట్లాడటం రాదు.

ఆయన అన్నాడు: "కొట్టేది కష్టం గాదు పాపా. నిలబడేది కష్టం. పెద్దోళ్ల ఇంట్లో సావైతే పొద్దున నిలబడితే శవం లేసేదాకా నిలబడల్ల. ఆమీట శ్మశానందాకా ముందర నడిసి కొట్టల్ల. పలక పట్టినోడు కూచోగూడదు. అది వాళ్ల కట్టుబాటు."

"తెలుసు పెదనాయనా."

"నీకేం తెలుసు. ఒకపారి మే నెల ఎండ. మూడు మైళ్లు. కాళ్లకు చెప్పుల్లేవు. జయరాజు నా పక్కన చిన్న పలక కొడ్తాండాడు, పదేండ్లోడు. కాళ్లు బొబ్బలెక్కినాయి. దోవలో ఒక రాతి గుండు మీద కూచోని కాలు సూసుకుంటాండాడు. 'పలక పట్టుకోని కూచుంటావారా' అని ఒకడు తన్నినాడు. నా కొడుకును తన్నినాడు. నేను సూస్తా కొట్టినా. పలక ఆపల్యా. వాడు మర్చిపోయినాడేమో. నేను మర్చిపోల్యా."

ఏం చేయాలో తోచక ఫోను తీసి బండ పాట పెట్టాను. తిట్టి ఆపేయమంటాడనుకున్నాను. మొహం గోడవైపు తిప్పుకుని, చివరిదాకా విన్నాడు.

"ఈ కొట్టేటోడు నిలబడుకోని కొడ్తాండాడా, కూచోనా?" అని అడిగాడు.

"పాటలో ఎట్ల తెలుస్తాది పెదనాయనా?"

"తెలుస్తాది. నిలబడి అలిసినోని దెబ్బ వేరే." మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ విన్నాడు. "వీడు అలిసిపోల్యా" అన్నాడు. ఆ తర్వాత, "పో ఇంగ, పొద్దుపోతాది" అని నన్ను పంపేశాడు.

అది అవునో కాదో నాకు తెలియలేదు. జయరాజుకు ఏమని చెప్పను? ఏమీ చెప్పలేదు.

ఆదివారం కోత పండుగ. ఈ యేడు పైరు సగం ఎండింది. అయినా గంపలు వచ్చాయి. శనక్కాయలు, కందులు, రెండు గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోడి. గొర్రెల జయరాజు గొర్రెపిల్లను ఎత్తుకొచ్చాడు. మోటార్ల జయరాజు వెనక వరసలో గోడ పక్కన కూర్చున్నాడు. కానుకలన్నీ అయిపోయాక, పాస్టరయ్య ప్రార్థనకు కళ్లు మూసుకోబోతుండగా, వాకిట్లో ఏదో ఈడ్చుకొస్తున్న చప్పుడు వినిపించింది.

కదిరప్ప. కొయ్య కుర్చీ ఒకటి రెండు చేతులా పట్టుకుని లాక్కొస్తున్నాడు. పొట్టి జయరాజు అందుకోబోతే విదిలించాడు. గంపలన్నీ దాటించి, ప్రసంగపీఠం పక్కన, అందరికీ కనబడేచోట దాన్ని పెట్టాడు. రొప్పుతున్నాడు.

"ఈ యేడు నా కానుక ఇదే పాస్టరయ్యా. దీన్ని వేలం పాడొద్దండి" అన్నాడు. అప్పుడు వెనక్కి తిరిగాడు. "జయరాజూ! పలక తీసుకోని రా. వచ్చి దీన్లో కూచో."

నేనే ముందు లేచి తాళం తీసి పలక తెచ్చాను. కాచాలి కదా. పాస్టరయ్య స్వయంగా వాకిట్లో గుప్పెడు కట్టె ముట్టించాడు. పలకను కొడుకు చేతికి ఇవ్వకుండా కదిరప్పే తీసుకుని మంట దగ్గర తిప్పాడు. నలభై ఏళ్లు పలక ముట్టని మనిషి. ఎంత దూరంలో పట్టాలో, ఎప్పుడు తిప్పాలో ఆయన చేతులు ఏమీ మర్చిపోలేదు. గోటితో మీటాడు. సరిపోయింది. కొడుకు భుజానికి తానే తగిలించాడు.

జయరాజు కుర్చీ అంచున, లేవడానికి సిద్ధంగా ఉన్నవాడిలా కూర్చున్నాడు.

"అట్ల గాదు. వెనక్కి ఆనుకోని కూచో" అన్నాడు కదిరప్ప. "ఎవడూ లెయ్యమనడు."

జయరాజు మొహం చూశాను. ఆయన కూడా ఏమీ మర్చిపోలేదని అప్పుడు నాకు అర్థమైంది. మెల్లగా వెనక్కి జరిగి, వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. కూర్చుంటే పలక అంచు తొడకు తగిలి మొదట బొంగురుగా పలికింది. కొంచెం పక్కకు వంచి పట్టుకున్నాడు. ఖంగుమంది. నేను కీబోర్డులో తాళం బటన్ జోలికి పోలేదు, రెండు స్వరాలు పట్టుకుని ఊరుకున్నాను. "పడిందా?" అని పాస్టరయ్య గొంతెత్తితే, "లేదప్పా" అని మందిరమంతా అన్నది. ఎండిన పైరు ఇంట్లో పెట్టుకుని వచ్చినవాళ్లు, ఆరుసార్లూ ఆ మాట ఎంత గట్టిగా అన్నారో చెప్పలేను. ఏడోసారి మేమందరం నోరు మూసుకున్నాం. జయరాజు పలక మీద చేతులకు పగ్గాలు వదిలేశాడు. పిల్లలు లేచి గెంతారు, వాళ్లతోపాటు తిప్పమ్మా గెంతింది.

పాట అయిపోయాక అందరూ కదిరప్పను చూశారు. ఆయన మొదటి వరసలో చాపమీద, మఠం వేసుకుని కూర్చున్నాడు.

"ఇంగోపారి కొట్టురా" అన్నాడు.

"ఏం నాయనా, తప్పు పోయినాదా?"

"తప్పేం లేదు. ముప్పై ఏండ్లు కొట్టినా గానీ, కూచోని ఇంటాండేది ఇదే మొదులు."

జయరాజు భుజంతో కళ్లు తుడుచుకుని, మళ్లీ మొదటినుంచి కొట్టాడు.